తప్పిన లయ, తెగిన పోగు: గుండె లయ చికిత్సల చరిత్ర

సూరత్ నగరం పేరు మీరు చరిత్ర పాఠంలో చదివి ఉంటారు. పదిహేడవ శతాబ్దంలో ఆంగ్లేయులు, డచ్చివారు వర్తక స్థావరాలు పెట్టుకొన్న రేవుపట్టణం అది. ఈనాడు ఆ ఊరి పేరు చెప్పగానే రెండు వృత్తులు గుర్తుకు వస్తాయి. ఒకటి వజ్రాలను సానపట్టడం, రెండవది మరమగ్గాల మీద బట్ట నేయడం. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, తరాలుగా అక్కడ స్థిరపడ్డారు. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట ఈనాటికీ వినిపిస్తుంది.

అలాంటి పేటలో ఒక మరమగ్గాన్ని ఊహించుకోండి. పడుగు పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఒకే లయలో పరుగెత్తుతూ ఉంటుంది. ఎక్కడో ఒక పోగు తెగుతుంది. మగ్గం ఆగుతుంది, లేదా బట్టలో తప్పు పడుతుంది. నేతగాడు ఏం చేస్తాడు? ముందు తెగిన పోగు ఏదో వెతికి ముడి వేస్తాడు, మగ్గం మళ్లీ నడుస్తుంది. కాని అదే చోట పోగు మళ్లీ మళ్లీ తెగుతుంటే ముడి వేస్తూ కూర్చోడు. గంజి సరిగా పట్టలేదా, బిగువు ఎక్కువైందా, నూలే నాసిరకమా అని చూస్తాడు. ముడి వేయడం ఒక పని. తెగడానికి కారణం కనుక్కోవడం వేరొక పని.

ఈ పాఠంలో మనం గుండె లయ తప్పినప్పుడు చేసే చికిత్సల చరిత్రను తెలుసుకొందాం. గత వంద సంవత్సరాలలో వైద్యులు, ఇంజనీర్లు కలిసి గుండెలో తెగిన పోగును వెతకడం నేర్చుకొన్నారు, ముడి వేయడం నేర్చుకొన్నారు. పోగు ఎందుకు తెగింది అన్న ప్రశ్న మాత్రం అన్ని దేశాలలోనూ ఒకే జవాబు ఇవ్వదు. మన దేశంలో ఆ జవాబును మనమే వెతుక్కోవలసి వచ్చింది. ఆ వెతుకులాటలో హైదరాబాదుకు కూడా ఒక భాగం ఉంది.

గుండెలోని విద్యుత్ మార్గం

మీ కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించి చూడండి. నాడి తగులుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 72 సార్లు అనుకొంటే, రోజుకు లక్ష సార్లకు పైగా గుండె కొట్టుకొంటుంది. ఈ లయను ఎవరు నడిపిస్తున్నారు?

కుడి కర్ణిక పైభాగంలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణజాలం ఉంది. అది తనంతట తానే విద్యుత్ ప్రేరణలను పుట్టిస్తుంది. అందుకే దాన్ని లయారంభకం అంటారు. అక్కడ పుట్టిన ప్రేరణ రెండు కర్ణికలలో వ్యాపించి, కర్ణికా జఠరికా కణుపు దగ్గర సెకనులో పదవ వంతు సేపు ఆగుతుంది. ఈ చిన్న ఆలస్యం వల్లనే కర్ణికలలోని రక్తం జఠరికలలోకి పూర్తిగా దిగుతుంది. ఆ తరువాత ప్రేరణ హిస్ కట్ట ద్వారా, పుర్కింజీ తంతువుల ద్వారా జఠరికలన్నిటికీ చేరుతుంది. అవి ముడుచుకొని రక్తాన్ని శరీరంలోకి నెడతాయి.

ఈ మార్గంలో లోపాలు ముఖ్యంగా రెండు విధాలు. ప్రేరణ పుట్టకపోవడం, లేదా దారిలో ఆగిపోవడం మొదటిది. అప్పుడు నాడి బాగా నెమ్మదిస్తుంది, మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు. ప్రేరణ అడ్డదారి పట్టి గిరగిరా తిరగడం, లేదా వేరొక చోటి నుంచి అదేపనిగా పుట్టడం రెండవది. అప్పుడు గుండె అతివేగంగా కొట్టుకొంటుంది. వేగం జఠరికలలో మొదలై అదుపు తప్పితే నిమిషాలలో ప్రాణం పోవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దుకొందాం. గుండె జబ్బు అనగానే మనకు రక్తనాళాలు పూడుకుపోవడమే తోస్తుంది. అది నీటి గొట్టాల వంటి సమస్య. లయ తప్పడం కరెంటు తీగల వంటి సమస్య. ఇంట్లో ఈ రెండింటికీ ఇద్దరు వేరు వేరు పనివారిని పిలుస్తాం కదా! గుండె వైద్యంలోనూ అంతే. తీగల పని చూసే శాఖను ఎలక్ట్రోఫిజియాలజీ అంటారు.

కనబడని దానిని గీతగా గీసినవారు

గుండెలోని విద్యుత్తు కంటికి కనబడదు. 1887లో లండనులో ఆగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త, ఛాతీని కోయకుండానే మనిషి గుండె విద్యుత్తును పైనుంచి నమోదు చేశాడు. హాలెండులోని లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ దానిని స్పష్టమైన గీతలుగా గీయగల యంత్రాన్ని ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో తయారుచేశాడు. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. రోగి చేతులూ కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చోవలసి వచ్చేది. ఈనాడు చేతిసంచిలో పట్టే ఇ.సి.జి. యంత్రానికి పూర్వరూపం అదే. 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

అదే కాలంలో గుండె లోపలి దారులు కూడా ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1893లో విల్హెల్మ్ హిస్ తన పేరు నిలిచిపోయిన కట్టను వర్ణించాడు. 1906లో జపాను నుంచి జర్మనీకి చదువుకోవడానికి వెళ్లిన సునావో తవారా కర్ణికా జఠరికా కణుపును వివరించాడు. 1907లో సిరాకర్ణికా కణుపు సంగతి లోకానికి తెలిసింది. దానిని వెల్లడించిన ఇద్దరిలో ఒకరు ఆర్థర్ కీత్ అనే ప్రసిద్ధ శరీర నిర్మాణ శాస్త్రవేత్త. రెండవవాడు మార్టిన్ ఫ్లాక్, అప్పటికింకా వైద్య విద్యార్థి. ఒక చుంచు వంటి చిన్న జంతువు గుండెను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ ఉండగా ఆ కణుపు ఫ్లాక్ కంటబడింది. అప్పటికి అతనికి మీకంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ లేవు.

లయను అరువిచ్చిన యంత్రం

లోపం ఎక్కడ ఉందో తెలిసింది. మరి ముడి వేసేది ఎట్లా? గుండెకు తన ప్రేరణ అందకపోతే బయటి నుంచి అందిద్దాం అన్న ఆలోచన 1930ల నాటికే ఉంది. 1952లో అమెరికాలోని బోస్టన్ నగరంలో పాల్ జోల్ ఛాతీ మీది నుంచే విద్యుత్తు పంపి ఆగిపోతున్న గుండెలను నడిపించాడు. కాని ప్రతి దెబ్బకూ రోగి నొప్పితో విలవిలలాడేవాడు. పైగా యంత్రం గోడలోని ప్లగ్గుకు తగిలించి ఉండేది. తీగ ఎంత పొడవుంటే రోగి అంత దూరమే కదలగలిగేవాడు.

1957 అక్టోబరు 31న మినియాపొలిస్ నగరంలో కరెంటు పోయింది. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగిన పిల్లలు గోడ కరెంటుతో నడిచే యంత్రాల మీద ఆధారపడి ఉన్నారు. ఒక శిశువు ప్రాణం దక్కలేదు. శస్త్రవైద్యుడు వాల్టన్ లిల్లెహై, ఆసుపత్రి పరికరాలు మరమ్మతు చేసే ఎర్ల్ బాకెన్‌ను పిలిచి, బ్యాటరీతో నడిచేది ఏదైనా చేయగలవా అని అడిగాడు. బాకెన్‌కు ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో చూసిన సర్క్యూటు గుర్తుకు వచ్చింది. అది సంగీతం నేర్చుకొనేవారికి తాళం వేసే మెట్రోనోమ్ సర్క్యూటు. తాళం వేసే యంత్రం గుండెకు తాళం వేయలేదా? కొద్ది వారాలలోనే అరచేతిలో పట్టే పేస్‌మేకర్ తయారయింది. కరెంటు పోవడం మనకు కొత్త కాదు. కాని పోయిన ఆ ఒక్కసారిని గుణపాఠంగా తీసుకొన్నవారు వైద్య చరిత్రను మార్చారు.

మరుసటి సంవత్సరం, 1958 అక్టోబరు 8న, స్వీడన్‌లో మరో అడుగు పడింది. ఆర్నె లార్సన్ అనే రోగి రోజుకు ఎన్నో సార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. ఆయన భార్య ఎల్సె-మరీ శస్త్రవైద్యుడు ఆకె సెన్నింగ్‌ను, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌ను పట్టు విడవకుండా అడిగింది. శరీరం లోపల పెట్టే పరికరం ఇంకా తయారు కాలేదని వారు చెప్పినా ఆమె వినలేదు. చివరకు చేసి పెట్టారు. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది, దాని స్థానంలో మరొకటి అమర్చారు. తరువాతి కాలంలో లార్సన్‌కు ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చారు. ఆయన 2001లో 86 ఏళ్ల వయసులో, గుండెతో సంబంధం లేని జబ్బుతో మరణించాడు. తనకు పరికరం చేసి ఇచ్చిన ఇంజనీరు, దానిని అమర్చిన వైద్యుడు, ఇద్దరికంటే ఎక్కువ కాలం బతికాడు.

అన్నిసార్లు మార్చవలసి రావడానికి ఒక ముఖ్య కారణం బ్యాటరీ. ఈ సమస్య మీద అమెరికా ఇంజనీరు విల్సన్ గ్రేట్‌బాచ్ ఏళ్ల తరబడి పనిచేశాడు. 1972లో లిథియం-అయొడిన్ బ్యాటరీతో పేస్‌మేకర్లు వాడుకలోకి వచ్చాక, ఒకటి రెండేళ్లకే మార్చవలసిన పరికరం పలు సంవత్సరాలు నిలవసాగింది. నేటి పేస్‌మేకర్లలో కొన్నిటికి తీగ కూడా లేదు. మాత్ర గొట్టమంత ఉండే పరికరాన్ని తొడ దగ్గరి సిర ద్వారా తీసుకువెళ్లి నేరుగా జఠరిక లోపలే అమర్చుతారు. అమెరికా నియంత్రణ సంస్థ ఇటువంటి పరికరానికి మొదటిసారి 2016లో అనుమతి ఇచ్చింది.

కాపలా కాసే యంత్రం, ఒక హెచ్చరిక

నెమ్మదించిన గుండెకు పేస్‌మేకర్ దొరికింది. అతివేగంతో హఠాత్తుగా ఆగిపోయే గుండె సంగతి ఏమిటి? పోలండులో పుట్టిన వైద్యుడు మీషెల్ మిరోవ్‌స్కీకి ఇది సొంత దుఃఖం నుంచి పుట్టిన ప్రశ్న. తన గురువు వంటి వైద్యుడు హ్యారీ హెల్లర్ ఇటువంటి లయ దోషంతోనే 1966లో మరణించాడు. ఆసుపత్రిలో ఉంటే విద్యుత్ షాక్ ఇచ్చి బతికించవచ్చు. కాని జీవితకాలమంతా ఎవరు ఆసుపత్రిలో కూర్చుంటారు? ఆసుపత్రినే రోగి ఒంట్లో పెడితే? ఇది సాధ్యం కాదనీ, అవసరం లేదనీ పేరున్న వైద్యులే విమర్శించారు. మిరోవ్‌స్కీ, ఆయన సహచరుడు మోర్టన్ మోవర్ పట్టు వదలలేదు. 1980 ఫిబ్రవరిలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి ఈ పరికరాన్ని అమర్చారు. దీనినే ఐ.సి.డి. అంటారు. ఇది గుండె లయను ఎడతెగకుండా గమనిస్తూ, ప్రమాదం వచ్చినప్పుడు తానే షాక్ ఇస్తుంది.

పరికరాలతో పాటు మందులూ వచ్చాయి. ఇక్కడే మీరు గుర్తుంచుకోవలసిన ఒక హెచ్చరిక ఉంది. గుండెపోటు వచ్చి తగ్గినవారిలో కొందరికి అదనపు స్పందనలు వస్తుంటాయి. వాటిని మందులతో అణచివేస్తే హఠాన్మరణాలు తగ్గుతాయని 1980లలో వైద్యులు నమ్మారు. వినడానికి అది సబబుగానే ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికాలో కాస్ట్ అనే పెద్ద పరిశోధన చేశారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు తీసుకొన్న 755 మందిలో 63 మంది మరణించారు. మందు లేని ఉత్తుత్తి మాత్రలు తీసుకొన్న 743 మందిలో మరణించినవారు 26 మందే. మందులు అదనపు స్పందనలను అణచాయి, మరణాలను పెంచాయి! ఇ.సి.జి. కాగితం మీద గీత అందంగా మారినంత మాత్రాన మనిషి బాగుపడినట్లు కాదని వైద్యలోకం ఆనాడు నేర్చుకొంది.

అడ్డదారిని మూసివేయడం

మూడవ మార్గం తప్పుడు దారినే నాశనం చేయడం. దీనిని అబ్లేషన్ అంటారు.

కొందరు పుట్టుకతోనే కర్ణికకూ జఠరికకూ మధ్య ఒక అదనపు కండర తంతువుతో పుడతారు. ఇందులోని ఇ.సి.జి. లక్షణాలను 1930లో వోల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు వివరించారు. ప్రేరణ రాజమార్గంలో దిగి ఆ సందులోంచి పైకి ఎక్కి, మళ్లీ రాజమార్గంలో దిగుతూ చక్రం తిరుగుతుంది. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో విల్ సీలీ ఒక జాలరికి ఛాతీ తెరచి, ఆ సందును కత్తితో తెంచాడు. జబ్బు నయమయింది. కాని ఒక పోగు కోసం మగ్గమంతా విప్పవలసి వచ్చింది.

ఛాతీ తెరవకుండా చేసే దారి ఒక అనుకోని సంఘటనలో దొరికింది. 1970ల చివర ఫ్రాన్సులో ఒక రోగి గుండెలో కాథెటర్ అనే సన్నని గొట్టం ఉండగా విద్యుత్ షాక్ ఇవ్వవలసి వచ్చింది. షాక్ ఆ కాథెటర్ ద్వారా పాకి, కర్ణికలకూ జఠరికలకూ మధ్య దారి శాశ్వతంగా మూసుకుపోయింది. ఇతరులకు ఇది ప్రమాదంగా కనిపించవచ్చు. దారిని మూయడానికి కత్తి అక్కరలేదని ఇది చెబుతున్నదని గ్రహించినవారు ముందుకు వెళ్లారు. 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్‌మన్ ఉద్దేశపూర్వకంగానే ఈ పద్ధతితో చికిత్స చేశాడు.

షాక్ శక్తి మరీ మొరటుది. దాని బదులు రేడియో తరంగాల పౌనఃపున్యంలో ఉండే విద్యుత్తుతో కాథెటర్ మొనను వేడెక్కించి, కొన్ని మిల్లీమీటర్ల చోటును మాత్రమే కాల్చే పద్ధతి 1980ల ద్వితీయార్ధంలో వచ్చింది. 1991లో ఓక్లహోమాలోని వారెన్ జాక్‌మన్ బృందం 166 మందికి ఈ చికిత్స చేసి, 164 మందిలో అదనపు దారిని మూసివేయగలిగినట్లు ప్రకటించింది. జీవితాంతం మందులు మింగవలసినవారు, లేదా ఛాతీ కోయించుకోవలసినవారు, తొడ దగ్గర సూదిగుచ్చినంత గాయంతో ఇంటికి వెళ్లసాగారు.

1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసాగ్యెర్ మరొక రహస్యం విప్పాడు. కర్ణికలు క్రమం లేకుండా అదిరిపోవడాన్ని కర్ణికా ప్రకంపనం అంటారు. ఆ అదురును మొదలుపెట్టే చోట్లను 45 మంది రోగులలో వెతికితే, 94 శాతం చోట్లు ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలలోనే ఉన్నాయి! అప్పటి నుంచి ఆ సిరల ముఖద్వారాల చుట్టూ గీత గీసినట్లు కాల్చడం ప్రధాన చికిత్స అయింది. ఇటీవల వేడి లేకుండా, అతి తక్కువ సేపు ఉండే విద్యుత్ స్పందాలతో గుండె కండరాన్ని మాత్రమే తాకే కొత్త పద్ధతి వచ్చింది. దీని పరికరాలకు అమెరికాలో 2023 డిసెంబరులో, 2024 జనవరిలో అనుమతులు లభించాయి.

మన దేశంలో పోగు ఎందుకు తెగుతోంది?

ఇంతవరకు చెప్పిన పేర్లన్నీ విదేశాలవే అని మీరు గమనించే ఉంటారు. ఇక్కడి నుంచి కథ మన నేలమీదికి వస్తుంది.

హైదరాబాదులోని కేర్ ఆసుపత్రిలో డాక్టర్ సి. నరసింహన్, డాక్టర్ అజిత్ థాచిల్, డాక్టర్ బి. సోమరాజు మొదలైన వైద్యులకు కొందరు రోగులు చిక్కుప్రశ్నగా కనిపించారు. వారి జఠరికలలో ప్రమాదకరమైన వేగం వస్తోంది. గుండె రక్తనాళాలలో అడ్డంకులు లేవు. గుండె పంపు చేసే శక్తి బాగానే ఉంది. ఐ.సి.డి. అమర్చవచ్చు, అబ్లేషన్ చేయవచ్చు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. వీరు ఆగలేదు. ఎం.ఆర్.ఐ., పెట్ స్కానులతో గుండె కండరాన్ని, ఛాతీని పరిశీలించారు. గుండెలో అక్కడక్కడ మచ్చలు, ఛాతీ మధ్యలో ఉబ్బిన శోషరస గ్రంథులు కనిపించాయి. ఆ గ్రంథుల నుంచి ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమాలు బయటపడ్డాయి. కొందరిలో కారణం సార్కాయిడోసిస్ అనే వ్యాధి. మరికొందరిలో క్షయ!

ఆలోచించండి. క్షయ అంటే దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అని మనం చదువుకొన్నాం. అది గుండె కండరంలో దాగి, ఏ దగ్గూ లేకుండా లయ రూపంలో బయటపడవచ్చు. అటువంటి రోగికి ఐ.సి.డి. మాత్రమే అమర్చితే పరికరం షాకులు ఇస్తూనే ఉంటుంది, లోపల వ్యాధి పాకుతూనే ఉంటుంది. క్షయ ఉన్నవారికి క్షయ మందులు, సార్కాయిడోసిస్ ఉన్నవారికి స్టెరాయిడ్ల వంటి మందులు ఇచ్చి, అవసరమైనచోట పరికరం, అబ్లేషన్ కూడా తోడు చేశారు. ఈ అనుభవాన్ని 2011లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ప్రచురించారు. నేతగాని మాటలో చెప్పాలంటే, వారు ముడి వేశారు, నూలునూ పరీక్షించారు.

కర్ణికా ప్రకంపనం విషయంలోనూ ఇటువంటి తేడాయే ఉంది. పాశ్చాత్య దేశాలలో ఇది ఎక్కువగా వృద్ధుల జబ్బు. మన దేశంలో ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ 2011, 2012లలో 24 కేంద్రాల నుంచి 1,537 మంది రోగుల వివరాలు సేకరించింది. వారి సగటు వయసు సుమారు 55 ఏళ్లే. దాదాపు సగం మందిలో మూలకారణం రుమాటిక్ గుండె జబ్బు.

ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలుసా? చిన్నతనంలో వచ్చే ఒక రకం గొంతునొప్పితో. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆ గొంతునొప్పికి సరైన చికిత్స అందకపోతే, కొందరు పిల్లలలో కీళ్ల నొప్పులతో రుమాటిక్ జ్వరం వస్తుంది. సూక్ష్మజీవిని ఎదిరించడానికి శరీరం చేసిన ఆయుధాలే గుండె కవాటాలను దెబ్బతీస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కవాటం ఇరుకై, దాని వెనుక ఉన్న ఎడమ కర్ణిక సాగిపోతుంది. సాగిన కర్ణిక లయ తప్పుతుంది. అదిరే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. పదేళ్ల పిల్లవాడి గొంతునొప్పి నలభై ఏళ్ల మనిషి పక్షవాతం అయ్యేదాకా సాగే దారి ఇది. మొదట్లోనే పెన్సిలిన్ ఈ దారిని మూయగలదు.

వేరే దేశాల ఫలితాలను మనకు అట్లాగే అన్వయించరాదని మరొక పరిశోధన కూడా చూపింది. కర్ణికా ప్రకంపనం ఉన్నవారికి రక్తం గడ్డకట్టకుండా కొత్త మందులు వచ్చాయి, వాటిని వాడటం తేలిక. రుమాటిక్ జబ్బు ఉన్నవారిలోనూ అవి పనిచేస్తాయా? మన దేశం కూడా పాల్గొన్న ఇన్విక్టస్ పరిశోధనలో 24 దేశాల నుంచి 4,500 మందికి పైగా రోగులను పరిశీలించారు. 2022లో ఫలితం వెలువడింది. కొత్త మందు రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ వంటి పాత మందులు తీసుకొన్నవారిలోనే మరణాలు తక్కువ. పేదల జబ్బును పేదల దేశాలలోనే పరీక్షించి ఉండకపోతే ఈ సంగతి తెలిసేది కాదు.

మళ్లీ సూరత్‌కు

ఇప్పుడు మనం బయలుదేరిన ఊరికి తిరిగి వెళదాం. సూరత్‌లో వజ్రాలను కోయడానికి లేజర్ యంత్రాలు తయారుచేసిన సహజానంద్ సంస్థల నుంచే సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ పుట్టింది. వజ్రం మీద నేర్చుకొన్న లేజర్ నైపుణ్యం, వెంట్రుకలంత సన్నని లోహపు కడ్డీలతో అల్లినట్లుండే స్టెంట్లను కోయడానికి ఉపయోగపడింది. హైదరాబాదులో కూడా 1990లలో డాక్టర్ సోమరాజు, ఏ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరలో స్టెంటు తయారుచేయించారు. అది కలాం-రాజు స్టెంటుగా పేరు పొందింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. మందు పూసిన స్టెంటుకు ఆనాడు పెట్టిన పరిమితి 29,600 రూపాయలు.

కాని స్టెంట్లు గొట్టాల పని చేస్తాయి. తీగల పని చేసే పరికరాలలో మనం ఇంకా వెనుకబడి ఉన్నాం. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో శ్రీ పేస్‌ట్రానిక్స్ వంటి దేశీయ సంస్థ పేస్‌మేకర్లు తయారుచేస్తున్నా, మన ఆసుపత్రులలో అమర్చే వాటిలో అధికభాగం విదేశీ సంస్థలవే. ఐ.సి.డి.ల ధర ఇంకా ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, దేశమంతటా 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలు కొంత భారాన్ని తగ్గించాయి. అయినా మగ్గం మీద బతికే మనిషికి బ్యాటరీ అయిపోయిన ప్రతిసారీ అదే దిగులు.

ఈ దిగులుకు సూరత్‌కు దగ్గరలోని ముంబయిలో ఒక జవాబు వెతికారు. మరణించినవారిని దహనం చేసేముందు పేస్‌మేకర్‌ను తీసివేస్తారు. మంటలో దాని బ్యాటరీ పేలుతుంది కనుక ఇది తప్పనిసరి. తీసిన పరికరంలో ఇంకా ఏళ్ల తరబడి పనిచేసే శక్తి మిగిలి ఉండవచ్చు. అమెరికాలోని షికాగోలో అంత్యక్రియల సంస్థలు దానం చేసిన 121 పరికరాలలో, బ్యాటరీ తగినంత ఉన్న 53 పరికరాలను శుద్ధి చేసి, ముంబయి హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో పేద రోగులకు అమర్చారు. 2012లో ఈ ఫలితాలను ప్రకటించారు. పరికరాల వల్ల సంక్రమణ గాని, పరికరాల వైఫల్యం గాని కనిపించలేదు. 2020లో, లాటిన్ అమెరికా దేశాలలో శుద్ధి చేసిన పరికరాలు అమర్చిన 1,051 మందిని కొత్త పరికరాలు అమర్చినవారితో పోల్చి చూస్తే, సంక్రమణ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. అయినా తయారీదారులు వీటిని ఒక్కసారి వాడటానికే అని చెబుతారు, చట్టాలు కూడా చాలాచోట్ల అంగీకరించవు. ఇది ఎలక్ట్రోఫిజియాలజీ ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. నీతి, చట్టం, ఆర్థికం కలిసి తేల్చవలసిన ప్రశ్న.

విద్యార్థులారా, మీలో కొందరు వైద్యులు అవుతారు, కొందరు ఇంజనీర్లు అవుతారు. ఈ చరిత్రలో మరమ్మతు పనివాడు, తాళం వేసే సర్క్యూటు, భర్త కోసం పట్టుపట్టిన భార్య, చిన్న జంతువు గుండెను చూసిన విద్యార్థి, ప్రమాదంలో ఉపాయం చూసిన వైద్యుడు అందరూ ఉన్నారు. కనుక మీ చదువు ఏదైనా దీనిలో మీకు చోటు ఉంది. మన దేశంలో తక్కువ ధరకు పేస్‌మేకర్ చేయడం ఇంజనీరు ముందు ఉన్న పని. లయ తప్పిన గుండె వెనుక క్షయ ఉందా, చిన్ననాటి గొంతునొప్పి ఉందా అని అడగడం వైద్యుని ముందు ఉన్న పని.

వీటికోసం పెద్దవారయ్యేదాకా ఆగనక్కరలేని పని కూడా ఒకటి ఉంది. మీ ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో జ్వరంతో గొంతునొప్పి వచ్చి, మింగుడు పడకుండా ఉంటే, ఆ తరువాత కీళ్లు వాచితే, చల్లనీళ్ల వల్ల వచ్చిందిలే అని వదిలివేయకండి. వైద్యునికి చూపించండి. పోగు తెగాక ముడి వేయడం కంటే, తెగకముందే నూలు చూసుకోవడం మేలని ఏ నేతగాడైనా చెబుతాడు.